పెంపుడు పాముకి ఎంత వేడి, ఎక్కడ వేడి: ట్యాంకు టెంపరేచర్లు సరిగ్గా పెట్టుకునే పద్ధతి

అక్టోబరు చివర్లో డాలస్‌లో చలి మొదలవగానే నాకు వచ్చే మెసేజ్ ఒకటే: "అన్నా, పాముకి ఎన్ని డిగ్రీలు పెట్టాలి?" పిల్లల పోరు పడలేక బాల్ పైథాన్‌నో, కార్న్ స్నేక్‌నో ఇంటికి తెచ్చుకున్న తెలుగువాళ్లు నాకు తెలిసే నలుగురైదుగురు ఉన్నారు. అందరిదీ ఇదే ప్రశ్న.

ఆ ప్రశ్నలోనే తిరకాసు ఉంది. పాముకి ఒక్క అంకె చాలదు, మూడు కావాలి. వెచ్చని చోట ఎంత, చల్లని వైపు ఎంత, రాత్రికి ఎంత. వాటిని ఎక్కడ పెట్టి కొలిచారన్నది నాలుగో సంగతి. చాలామంది బోల్తా పడేది ఆ నాలుగో దాని దగ్గరే.

పాము మనలాగా ఒంట్లో వేడి పుట్టించుకోలేదు. తిన్నది అరగాలంటే వెచ్చని చోటికి పాకుతుంది, ఒళ్లు కాగాక చల్లని చోటికి పోతుంది. బయట దానికి ఎండా, నీడా, కలుగూ అన్నీ ఉంటాయి. నాలుగడుగుల పెట్టెలో అవి మనం అమర్చాలి. అంటే మన పని పాముని వేడి చేయడం కాదు, అది తనకి నచ్చిన వేడిని ఎంచుకునేలా చేయడం.

అంకెలన్నీ ఫారెన్‌హీట్‌లో ఇస్తున్నాను, అమెరికాలో కొనే పరికరాల మీద అవే ఉంటాయి. బ్రాకెట్లో ఉన్నవి సెల్సియస్.

1. మీ పాము ఏ జాతో ముందు తేల్చుకోండి

"పాము" అని వెతికితే దొరికే అంకె మీ పాముది కాకపోవచ్చు. కొత్తవాళ్లు ఎక్కువగా పెంచేవాటికి నేను పెట్టుకునే లెక్క ఇది:

- బాల్ పైథాన్: వెచ్చని చోటు 88–92 (31–33), చల్లని వైపు 76–80 (24–27), రాత్రి 75 (24) కంటే తగ్గనివ్వను.
- కార్న్ స్నేక్: వెచ్చని చోటు 85–88 (29–31), చల్లని వైపు 72–76 (22–24), రాత్రి 68–70 (20–21) అయినా ఫరవాలేదు.
- కింగ్ స్నేక్: కార్న్ స్నేక్ లెక్కే.
- వెస్టర్న్ హాగ్‌నోస్: వెచ్చని చోటు 88–92 (31–33), చల్లని వైపు 72–76 (22–24).
- బోవా కన్‌స్ట్రిక్టర్: వెచ్చని చోటు 88–92 (31–33), చల్లని వైపు 78–80 (26–27).

ఇక్కడ "వెచ్చని చోటు" అంటే పాము పొట్ట ఆనించే నేల. గాలి వేడి కాదు. "చల్లని వైపు" అంటే అటు చివర, నేలకి దగ్గరగా ఉన్న గాలి.

బాల్ పైథాన్‌కీ కార్న్ స్నేక్‌కీ తేడా చూడండి. వెచ్చని చోట పెద్దగా లేదు, రాత్రికే ఉంది. బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికా పాము. ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో బతికే జీవి, గట్టి చలి ఎరగదు. కార్న్ స్నేక్‌ది అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలు, శీతాకాలం దానికి కొత్తేమీ కాదు. ఇంట్లో హీటర్ 68 మీద పెట్టి పడుకునే కుటుంబానికి కార్న్ స్నేక్‌తో టెన్షన్ తక్కువ. ఇంకా కొనకపోతే ఈ సంగతి కూడా లెక్కలో వేసుకోండి.

2. పాము కంటే ముందు కొనాల్సినవి

- హీటర్ ఒకటి (ఏ రకమో నాలుగో అంశంలో చెప్తాను)
- థర్మోస్టాట్ (మనం పెట్టిన అంకె దాటగానే హీటర్‌ని ఆపే పరికరం). ఇది లేకుండా హీటర్ ప్లగ్ పెట్టకండి
- ప్రోబ్ (వైరు చివర వేడిని పసిగట్టే మొన) ఉన్న డిజిటల్ థర్మామీటర్లు రెండు, చెరో వైపుకి
- టెంపరేచర్ గన్ ఒకటి, నేల వేడి చూడటానికి
- తేమ చూపించే డిజిటల్ మీటర్
- దాక్కునే గూళ్లు రెండు, రెండూ ఒకే సైజువి

గుండ్రటి ముల్లు డయల్‌ని అద్దానికి అతికించుకుంటారు చూశారా, దాని జోలికి పోకండి. అది చూపించేది అద్దం మధ్యలో, ఆ ఎత్తులో ఉన్న వేడి. పాము ఉండేది కింద.

వేడి రాళ్లని అమ్ముతుంటారు. అవీ వద్దు. కొన్నిచోట్ల మాత్రమే విపరీతంగా కాగుతాయి, పాము వాటి మీదే చుట్ట చుట్టుకుని పడుకుని పొట్ట కాల్చుకుంటుంది. కాలుతున్నా పాము చాలాసార్లు మనలాగా చటుక్కున తప్పుకోదు.

ఎర్ర బల్బులు కూడా అనవసరం. రాత్రి ట్యాంకులో వెలుగే ఉండకూడదు.

రెండు గూళ్లు ఎందుకంటే, పాముకి వేడి కంటే చాటు ముఖ్యం. గూడు చల్లని వైపు మాత్రమే ఉంటే అది చలికి ముడుచుకునైనా అక్కడే ఉంటుంది కానీ బయటపడి వెచ్చబడదు. "మా పాము వేడి వైపు పోవట్లేదు" అన్నవాళ్ల ఇంటికి వెళ్లి చూస్తే చాలాసార్లు కథ ఇదే.

3. ట్యాంకు ఎక్కడ పెట్టాలి

కిటికీ ఎండ నేరుగా పడే చోట వద్దు. గాజు పెట్టెలో ఎండ పడితే కాసేపట్లోనే లోపల పొయ్యి అయిపోతుంది, థర్మోస్టాట్ హీటర్‌ని ఆపగలదు కానీ సూర్యుణ్ణి ఆపలేదు. ఏసీ గాలి పడే చోట వద్దు. టెక్సస్‌లో గరాజ్ అసలే వద్దు.

4. వేడి కింద నుంచా, పై నుంచా?

కింద అతికించే హీట్ మ్యాట్ చవక. కానీ అది నేలని మాత్రమే వేడి చేస్తుంది, గాలిని పెద్దగా చేయదు. గది ఎప్పుడూ 74–75 ఉండే ఇంట్లో కార్న్ స్నేక్‌కి అది ఒక్కటీ చాలు. చలికాలంలో గది 68కి పడిపోయే ఇంట్లో బాల్ పైథాన్‌కి చాలదు.

మ్యాట్ అతికించేటప్పుడు మూడు జాగ్రత్తలు. ట్యాంకు నేలలో మూడో వంతుకి మించి కవర్ చేయకూడదు, మించితే చల్లని వైపు అంటూ మిగలదు. ట్యాంకు కింద గాలి ఆడేలా చిన్న కాళ్లు పెట్టాలి. పైన వేసే చెక్క పొట్టు మ్యాట్ ఉన్న వైపు పలచగా ఉండాలి.

పై నుంచి ఇచ్చే వేడిలో మూడు రకాలు ఎక్కువ వాడతారు.

హాలోజన్ బల్బు పగటికి మంచిది. ఎండలాగే పై నుంచి నేలని కాస్తుంది. రాత్రి ఆపేయాలి.

సిరామిక్ హీటర్ వెలుగు ఇవ్వదు, గాలిని వేడి చేస్తుంది. రాత్రి టెంపరేచర్ నిలబెట్టడానికి దీన్నే వాడండి. దీనికి సిరామిక్ హోల్డర్ ఉండాలి, ప్లాస్టిక్‌ది కరిగిపోతుంది.

రేడియంట్ ప్యానెల్ పీవీసీ పెట్టెల్లో పైకప్పుకి బిగిస్తారు. ఖరీదే, కానీ పెద్ద పాములకి దానంత సుఖం లేదు.

బల్బు పెట్టె లోపల ఉంటే చుట్టూ తీగల జాలీ తప్పనిసరి. పాము ఎక్కదులే అనుకోకండి, ఎక్కుతుంది.

పైన జాలీ మూత ఉన్న గాజు ట్యాంకు అయితే వేడీ, తేమా రెండూ పైకి ఎగిరిపోతాయి. జాలీలో సగానికి పైగా అల్యూమినియం ఫాయిల్‌తో మూయండి, దీపం ఉన్న భాగమూ, గాలికి కొంచెమూ వదలండి. గుడ్డ మాత్రం వేయకండి. ఇండియా నుంచి వచ్చిన మా అత్తయ్య గారు ఓ రాత్రి "పాపం చలేస్తుందేమో" అని ట్యాంకు మొత్తం మీద దుప్పటి కప్పారు, సిరామిక్ హీటర్ ఉన్న డోమ్‌తో (హీటర్‌ని బిగించే లోహపు గొడుగుతో) సహా. పాముల గదిలోకి అడుగే పెట్టనన్న మనిషి! నాకు మెలకువ వచ్చింది మాడు వాసనకి. దుప్పటికి అరచేయంత గోధుమ రంగు మచ్చ. ఇంకో గంట నిద్రపోయి ఉంటే ఇల్లే.

5. థర్మోస్టాట్, ప్రోబ్: అసలు గొడవంతా ఇక్కడే

నా మొదటి బాల్ పైథాన్‌కి నేను చేసిన నిర్వాకం చెప్తాను. మ్యాట్ ఒకటి కొని నేరుగా గోడకి ప్లగ్ పెట్టాను. అద్దానికి డయల్ అతికించాను. అది 82 చూపించేది, నేను నిశ్చింతగా ఉండేవాణ్ణి. పాము మూడు వారాలు నీళ్ల గిన్నె వెనక ఇరుక్కుని పడుకుంది. తిండి ముట్టలేదు. కొత్త చోటు కదా, అలవాటు పడుతుందిలే అనుకున్నాను.

తర్వాత టెంపరేచర్ గన్ వచ్చింది. చెక్క పొట్టు మీద పెడితే 86. బాగానే ఉందే అనుకుంటూ వేళ్లతో పొట్టు పక్కకి తోసి గాజు మీద పెట్టాను. 114 (46). చెయ్యి ఆనిస్తే నాకే చురుక్కుమంది. పాము పొట్టులో తవ్వుకుంటూ కిందికి పోతుందని, అక్కడ పెనం లాంటి గాజు మీద పడుకోవాల్సి వస్తుందని నాకు అప్పటిదాకా తట్టలేదు. దానికి ముందే తెలిసిపోయింది కాబట్టి గిన్నె వెనక చేరింది.

ఇప్పుడు చేసే పద్ధతి ఇది:

1. మ్యాట్ అయితే థర్మోస్టాట్ ప్రోబ్‌ని మ్యాట్‌కీ గాజుకీ మధ్య బిగించండి. లోపల పెడితే పాము దాన్ని లాగేస్తుంది, లేదా దాని మీద మూత్రం పోస్తుంది. తడిసిన ప్రోబ్ తక్కువ చూపిస్తే హీటర్ ఆగకుండా మండుతుంది.
2. లోపల, మ్యాట్ పైన ఉన్న గాజు మీద పొట్టు తీసేసి గన్‌తో కొలవండి. బాల్ పైథాన్‌కి అక్కడ 90 రావాలి. 86 వస్తే థర్మోస్టాట్ అంకె నాలుగు పెంచి, రెండు గంటలు ఆగి మళ్లీ కొలవండి. థర్మోస్టాట్ మీద ఏ అంకె ఉందన్నది మర్చిపోండి, లోపల గాజు మీద ఎంత వచ్చిందన్నదే లెక్క.
3. పై నుంచి వేడి ఇస్తుంటే ప్రోబ్‌ని వెచ్చని చోట, పాము వీపు ఎత్తులో గోడకి క్లిప్పులతో బిగించండి. జిగురు టేపు ట్యాంకు లోపల ఎప్పుడూ వాడొద్దు. పొలుసులకి అంటుకుంటే తీసేటప్పుడు చర్మం లేచి వస్తుంది.
4. హాలోజన్‌కి డిమ్మింగ్ రకం (బల్బుని ఆపకుండా కాంతి తగ్గించే, పెంచే) థర్మోస్టాట్ కావాలి. మామూలు ఆన్-ఆఫ్ రకం పెడితే బల్బు రోజంతా ఆరుతూ వెలుగుతూ ఉంటుంది, తొందరగా మాడిపోతుంది. మ్యాట్‌కి ఆన్-ఆఫ్ రకం చాలు.
5. వైరు ప్లగ్ పాయింట్‌కి చేరే ముందు కిందికి ఓ వంపు వేలాడనివ్వండి. నీళ్లు చిమ్మేటప్పుడు వైరు వెంట జారినా ఆ వంపు దగ్గరే కారిపోతాయి.

థర్మోస్టాట్ కూడా చెడిపోతుంది. లోపలి స్విచ్ ఆన్‌లోనే ఇరుక్కుపోతే పామే పోతుంది. దీనికి నేను పెట్టుకున్న ఉపాయం, రెండో థర్మోస్టాట్. మొదటిదాన్ని రెండోదానికి ప్లగ్ పెట్టి, రెండోది నాలుగు డిగ్రీలు ఎక్కువకి సెట్ చేస్తాను. దాని ప్రోబ్ కూడా అక్కడే. మొదటిది మొరాయిస్తే రెండోది కరెంటు కట్ చేస్తుంది.

టెంపరేచర్ గన్ గురించి ఓ మాట. అది గాలిని కొలవదు, ఎదురుగా ఉన్న వస్తువు పైభాగాన్ని కొలుస్తుంది. బయట నుంచి అద్దంలోంచి పాము మీద గురి పెడితే వచ్చేది అద్దం వేడి. మెరిసే లోహం మీద కూడా తప్పు చూపిస్తుంది.

6. పాము రాకముందు మూడు రోజుల ఖాళీ పరీక్ష

అందరూ దాటేసే మెట్టు ఇదే. పిల్లలు ఆగరు కదా! అయినా ఆపండి. గూళ్లు, పొట్టు, నీళ్ల గిన్నె అన్నీ పెట్టి, పాము ఒక్కటే లేకుండా మూడు రోజులు నడపండి. రోజుకి మూడుసార్లు రాసుకోండి. నా నోట్‌బుక్‌లో ఒక రోజు ఇలా ఉంది:

- ఉదయం 7: వెచ్చని చోటు 89, చల్లని వైపు 72, గది 68
- మధ్యాహ్నం 2: వెచ్చని చోటు 91, చల్లని వైపు 78, గది 73
- రాత్రి 11: వెచ్చని చోటు 89, చల్లని వైపు 75, గది 70

వెచ్చని చోటు రోజంతా నిలకడగా ఉంది, కాబట్టి థర్మోస్టాట్ పని చేస్తోంది. చల్లని వైపు మాత్రం గదితో పాటే పడిపోతోంది. కార్న్ స్నేక్‌కి చల్లని వైపు ఇలా పడిపోయినా ఫరవాలేదు, వెచ్చని చోటు మాత్రం 85–88కి తగ్గించుకోవాలి. బాల్ పైథాన్‌కి తెల్లవారుజామున 72 చాలదు. దీనికి చాలామంది చేసే పని మ్యాట్ వేడి పెంచడం. అది తప్పు. నేల కాలుతుంది, గాలి అలాగే ఉంటుంది. జాలీ మూత ఇంకొంచెం మూయాలి, అప్పటికీ చాలకపోతే చిన్న సిరామిక్ హీటర్ జతచేయాలి. ఆ ట్యాంకులో నేను రెండూ చేయాల్సి వచ్చింది.

రెండు చివర్ల మధ్య పది డిగ్రీల తేడా రాకపోతే ట్యాంకు చిన్నదని అర్థం, లేదా హీటర్ మధ్యలో ఉందని.

తేమ కూడా ఈ మూడు రోజుల్లోనే చూసుకోండి, వేడి పెరిగితే తేమ తగ్గుతుంది. బాల్ పైథాన్‌కి 55–75 శాతం ఉంచుతాను. హీటర్ మొదలయ్యాక 30కి పడిపోతే కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడుతుంది, కళ్ల మీద పొర మిగిలిపోతుంది. నీళ్ల గిన్నె పెద్దది చేసి, పొట్టు అడుగు భాగం తడపండి.

7. పాము వచ్చాక: అది ఎక్కడ పడుకుంటుందో చూడండి

థర్మామీటర్ కంటే పామే ఎక్కువ చెప్తుంది, రోజూ చూస్తే.

- ఎప్పుడూ వెచ్చని వైపే ఉంటే: చల్లని వైపు మరీ చల్లగా ఉంది. తిన్న తర్వాత రెండు మూడు రోజులైతే మామూలే.
- ఎప్పుడూ చల్లని వైపే ఉంటే: పొట్టు తీసి గాజు కొలవండి. నా కథ గుర్తుంది కదా.
- నీళ్ల గిన్నెలో గంటలకొద్దీ నానుతుంటే: వేడి ఎక్కువ, లేదా ఒంటి మీద పేలు, లేదా కుబుసం దగ్గరపడింది. నీళ్లలో నల్లటి చుక్కలు కదులుతుంటే పేలే.
- రాత్రంతా ముట్టె అద్దానికి రుద్దుతుంటే: ముందు వేడి చూడండి, తర్వాత గూళ్లు.
- తిన్నది రెండు మూడు రోజులకి అరగకుండా కక్కితే: చలి, లేదా తిన్న వెంటనే చేతుల్లోకి తీసుకోవడం. తిన్నాక 48 గంటలు ముట్టుకోకూడదు. కక్కిన పాముకి పది, పద్నాలుగు రోజులు తిండి పెట్టకుండా ఆగి, మొదట చిన్న ఎలుక ఇవ్వండి. మళ్లీ కక్కితే డాక్టర్.
- నోరు తెరిచి ఊపిరి తీయడం, ముక్కు దగ్గర బుడగలు, గురక: ఇది టెంపరేచర్ మార్చి ఇంట్లో చూసుకునే సంగతి కాదు. సరీసృపాలు చూసే వెట్ దగ్గరికి ఆ రోజే వెళ్లండి.
- పొట్ట పొలుసులు ఎర్రగా, గోధుమ రంగులో కమిలితే: కాలింది. హీటర్ ఆపి, అప్పుడూ వెట్ దగ్గరికే.

బాల్ పైథాన్ చలికాలంలో వారాల తరబడి తినకపోవడం మామూలు. టెంపరేచర్లు సరిగ్గా ఉండి, బరువు తగ్గకపోతే కంగారు పడకండి. తినట్లేదని వేడి రోజుకో రెండు డిగ్రీలు పెంచుకుంటూ పోవడం మాత్రం చేయకండి.

వారానికొకసారి చూడాల్సినవి ఇవి:

- గన్‌తో గాజు వేడి
- ప్రోబ్ కదిలిందా
- వైర్లు నలిగాయా
- రెండు థర్మామీటర్లూ పక్కపక్కన పెడితే ఒకే అంకె చూపిస్తున్నాయా

8. హైదరాబాద్, విజయవాడ నుంచి అడిగేవాళ్లకి

ముందు చట్టం. మన దగ్గర పుట్టిన పాము, నాగుపామైనా జెర్రిపోతైనా కొండచిలువైనా, ఇంట్లో పెట్టుకోవడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం కుదరదు. బాల్ పైథాన్ సైటిస్ (వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) జాబితాలో ఉన్న విదేశీ జాతి, అలాంటివాటిని కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలని 2024లో నిబంధనలు వచ్చాయి. కాగితాలు లేకుండా అమ్ముతానన్నవాడి దగ్గర కొనకండి.

ఇక వేడి. మీ సమస్య మా సమస్యకి తిరగేసినది. మే నెలలో బయట 42 సెల్సియస్ ఉన్నప్పుడు హీటర్ పెట్టే ప్రశ్నే లేదు, చల్లని వైపు తయారుచేయడమే పని. ట్యాంకు మొత్తం 35 సెల్సియస్ దాటి, తప్పుకునే చోటు లేకపోతే పాము కొన్ని గంటల్లో ప్రమాదంలో పడుతుంది. ఏసీ ఉన్న గది, నేలకి దగ్గరగా పెట్టిన పెట్టె మేలు. గూడుగా మట్టికుండని బోర్లించి పైన నీళ్లు చిలకరించండి, కూజాలో నీళ్లు చల్లబడే పద్ధతే. ఏసీ లేని గంటల కోసం గడ్డకట్టిన నీళ్ల సీసాని గుడ్డలో చుట్టి ఒక చివర పెట్టండి. మొత్తం ట్యాంకు చల్లబరచకండి, అటు చివర మామూలుగానే ఉండాలి.

డిసెంబరులో హైదరాబాద్‌లో రాత్రి చలికి బాల్ పైథాన్‌కి మ్యాటో, సిరామిక్ హీటరో కావాల్సి వస్తుంది. కార్న్ స్నేక్‌కి మూసిన గదిలో చాలావరకు అవసరం పడదు.

9. కరెంటు పోతే

2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు తుఫాను వచ్చి కరెంటు పోయినప్పుడు మా ఇంట్లో 49 (9) దాకా పడిపోయింది. ఆ రాత్రి పని చేసిన పద్ధతి:

1. పాముని మెత్తటి దిండు గలీబులో వేసి మూతి ముడేయండి. గుడ్డలోంచి గాలి ఆడుతుంది, భయం లేదు.
2. ఆ మూటని థర్మోకోల్ పెట్టెలో పెట్టండి. పెట్టెకి పెన్నుతో నాలుగు బెజ్జాలు చాలు.
3. సీసాల్లో వేడి నీళ్లు పోసి, టవల్ రెండు చుట్లు చుట్టి ఓ పక్కన పెట్టండి. నీళ్లు మరిగేవి కాకూడదు. ప్రతి రెండు గంటలకీ మార్చాలి. గ్యాస్ పొయ్యి ఉన్నవాళ్లు అదృష్టవంతులు.
4. గాలి తగిలితే కాగే హ్యాండ్ వార్మర్లు మూసిన పెట్టె లోపల పెట్టకండి. పాము పీల్చే గాలినే అవి తినేస్తాయి. బయట గోడకి ఆనించండి.
5. లోపల ప్రోబ్ థర్మామీటర్ ఒకటి వేయండి. 75–80 మధ్య ఉంటే చాలు. 88 కోసం ఆరాటపడితే ఆ కంగారులో కాల్చేస్తారు.

తెల్లవారుజామున నీళ్లు కాచే ఓపిక అయిపోయి, గలీబుతో సహా పాముని స్వెట్టర్ లోపల పెట్టుకుని కూర్చున్నాను. ముందు చల్లటి తాడు మూటలా ఉంది. అరగంటకి మెల్లగా కదిలి, నా పక్కటెముకలకి ఆనుకుని చుట్ట చుట్టుకుంది.

కరెంటు వచ్చాక ట్యాంకుని ముందు ఖాళీగా వేడెక్కనిచ్చి, అంకెలు మామూలుకి వచ్చాకే పాముని లోపల వదలండి. ఆ వారం తిండి పెట్టకండి. చల్లబడిన పొట్టలో ఎలుక అరగదు, కుళ్లుతుంది. నేను తొమ్మిదో రోజు పెట్టాను.